ట్యూబ్‌లైటు దాచింది, టార్చి చూపించింది



ఆదివారం పొద్దున హైదరాబాదులో గానీ విజయవాడలో గానీ ఏ అపార్ట్‌మెంటు సెల్లార్‌లోకి దిగినా కార్లు కడిగేవాళ్లు కనబడతారు. ప్యాంటు మడుచుకుని, బకెట్టూ మగ్గూ పక్కన పెట్టుకుని, ఒకాయన తన నల్ల కారును షాంపూతో రుద్దుతుంటాడు. కడగడం అయింది. తుడవడం అయింది. పైన ట్యూబ్‌లైట్లు వెలుగుతున్నాయి. కారు తళతళలాడుతోంది. రెండడుగులు వెనక్కి వేసి తృప్తిగా చూసుకుంటాడు. ఆ తర్వాత కారు తీసి, ర్యాంపు ఎక్కించి, గేటు బయట ఎండలో ఆపుతాడు. దిగి చూస్తే గుండె గతుక్కుమంటుంది. బానెట్ మీద సూర్యుడు మెరిసే చోట, దాని చుట్టూతా, వందల కొద్దీ సన్నటి గీతలు.

ర్యాంపు ఎక్కేలోగా అన్ని గీతలు పడవు. అవి సెల్లార్‌లోనూ ఉన్నాయి. ట్యూబ్‌లైటు దాచింది. ఎండ బయటపెట్టింది.

ఇవాళ మనం చెప్పుకోబోయేది ఈ ఒక్క సంగతే. కారు పెయింటు మీది లోపాలు ఏ వెలుగులో కనబడతాయి? ఇంట్లో సొంతంగా పాలిష్ పెట్టుకునేవాళ్లకి ఇది తెలియాలి. డబ్బిచ్చి పెట్టించుకునేవాళ్లకి ఇంకా బాగా తెలియాలి. సెకండ్‌హ్యాండ్ కారు చూడబోయేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

మామూలుగా ఏమనుకుంటాం? లైట్లు ఎన్ని ఎక్కువ వేస్తే అంత బాగా కనబడుతుందనుకుంటాం. బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు అది నిజమే. కారు గీతల దగ్గర మాత్రం వ్యవహారం తిరగబడుతుంది. లైట్లు తగ్గించాలి. ఒక్కటే మిగలాలి. ఆ ఒక్కటీ సైజులో చిన్నదిగా, వెలుగులో గట్టిదిగా ఉండాలి. మరోసారి చెప్పుకుందాం. గీతలు చూడాలంటే ఒకే దీపం, చిన్న దీపం.

ఎందుకో తెలియాలంటే వంటింట్లోంచి ఒక పాత స్టీలు కంచం తెచ్చుకోండి. ఏళ్ల తరబడి పీచుతో తోమిన కంచమైతే మరీ మంచిది. ట్యూబ్‌లైటు కింద పట్టుకోండి. నున్నగా, బాగానే ఉంటుంది. ఇప్పుడు గదిలో లైటు ఆర్పేసి, సెల్‌ఫోన్ టార్చి దాని మీద వేయండి. టార్చి మెరిసే చుక్క చుట్టూ సన్నటి వలయాలు కనబడతాయి. టార్చిని కాస్త జరపండి. వలయాలూ జరుగుతాయి. కంచం మీద పడ్డ గీతలు కదలవు కదా! మరి వలయాలెలా కదిలాయి?

కిటుకు అక్కడే ఉంది. కంచం నిండా అన్ని దిక్కులకూ గీతలున్నాయి. నిలువు, అడ్డం, ఏటవాలు. ప్రతి గీతా ఒక సన్నటి గాడి. ఆ గాడి అంచు వెలుగుని ఎటుపడితే అటు పంపదు. తన పొడవుకి అడ్డదిక్కుగా మాత్రమే విసురుతుంది. అందుకని, టార్చి చుక్కకి అడ్డంగా పడుకున్న గీతలే మన కంటికి మెరుస్తాయి. మిగతావి అక్కడే ఉన్నా కనబడవు. మెరిసిన ముక్కలన్నీ కలిసి చుక్క చుట్టూ వలయాల్లా తోస్తాయి. దీపం జరిగితే ఇంకో చోట, ఇంకొన్ని గీతలకి వంతు వస్తుంది.

కారు మీద జరిగేదీ అచ్చంగా ఇదే. డిటైలింగ్ పనివాళ్లు వీటిని స్విర్ల్ మార్కులంటారు. గుండ్రంగా కనబడుతున్నాయి కాబట్టి గుండ్రంగా తుడవడం వల్లే వచ్చాయని, కారు తుడిచే కుర్రాడికి చీవాట్లు పడుతుంటాయి. కొన్నాళ్లు నిలువుగా, కొన్నాళ్లు అడ్డంగా, కొన్నాళ్లు చెయ్యి ఎటు తిరిగితే అటు తుడిచినా సరే, గుడ్డలో ఇసుక రేణువు ఉంటే గీత పడుతుంది. ఆ గీతలన్నీ కలిసి దీపం చుట్టూ గుండ్రంగానే కనబడతాయి. తప్పు చెయ్యి తిప్పిన తీరులో కన్నా, పొద్దున్నే అరబకెట్టు నీళ్లలో ముంచి పది కార్లకి వాడిన ఆ ఒక్క గుడ్డలోనే ఎక్కువ ఉంది.

సరే, ట్యూబ్‌లైటు ఎందుకు దాచింది? అది నాలుగడుగుల దీపం. సెల్లార్ కప్పుకి అలాంటివి వరసగా ఉంటాయి. సున్నం వేసిన గోడలు కూడా ఎంతో కొంత వెలుగు చిమ్ముతాయి. అంటే కారు మీదకి వెలుగు అన్ని వైపుల నుంచీ వస్తోంది. గీత అంచు కొంచెం వెలుగుని మన వైపు విసిరిందే అనుకోండి. దాని పక్కనున్న నున్నటి పెయింటు కూడా దాదాపు అంతే వెలుగుని మన వైపు పంపుతుంది. రెండింటికీ తేడా లేకపోతే కంటికి గీత దొరకదు.

మబ్బు పట్టిన రోజు ఆకాశమంతా ఒకే పెద్ద దీపం. అందుకే ఆ రోజు రోడ్డు మీద పాత కార్లు కూడా నిగనిగలాడతాయి. సూర్యుడు అలా కాదు. మన కంటికి ఆకాశంలో అర డిగ్రీ వెడల్పు మాత్రమే ఉంటాడు. దీపం చిన్నది, వెలుగు మహా గట్టిది. వెలుగుని కొలిచే లక్స్ లెక్కలో, నడి మధ్యాహ్నం నేరుగా పడే ఎండ సుమారు లక్ష లక్స్ ఉంటుంది. ఇంట్లో గదిలో వెలుగు కొన్ని వందల లక్స్ ఉంటే గొప్ప. గీతలు పట్టించడానికి సూర్యుడు చాలా మంచి దీపం. పైగా కరెంటు బిల్లు రాదు.

అయితే ఎండకీ వేళ చూసుకోవాలి. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటే బానెట్టూ, టాపూ, డిక్కీ బాగా కనబడతాయి. డోర్లు కనబడవు. డోర్లు నిలువుగా ఉంటాయి కదా. వాటికి పొద్దున ఎనిమిదింటి ఎండో, సాయంత్రం నాలుగున్నర ఎండో కావాలి. ఇంకో జాగ్రత్త. ఎండలో చూడండి, అంతే. ఎండలో కడగొద్దు, పాలిష్ పెట్టొద్దు. రేకు కాలిపోతుంటుంది. బోరు నీళ్లు క్షణంలో ఆరిపోయి, వాటిలోని ఉప్పు తెల్లటి చుక్కలుగా మిగిలిపోతుంది.

ఆ ఉప్పు మరకకీ గీతకీ తేడా పట్టడానికి కూడా టార్చే సాయం. దీపాన్ని జరిపితే గీతల మెరుపు దానితో పాటు జరుగుతుంది. మరక మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇది ఒక్కటి తెలిస్తే సగం అనవసరపు పాలిష్ తప్పుతుంది. ఎందుకంటే మరకకి కావలసిన మందు వేరు, గీతకి వేరు.

ఇప్పుడు నలుపు, తెలుపు సంగతి. నల్ల కారు కొన్నవాళ్లు గీతలని మొత్తుకుంటారు. తెల్ల కారు వాళ్లు నిశ్చింతగా ఉంటారు. నిజానికి రెండింటి మీదా సాధారణంగా ఉండేది ఒకే రకం పొర. రంగు మీద రంగులేని పొర ఒకటి వేస్తారు. దాన్ని క్లియర్ కోట్ అంటారు. గీతలు పడేది ఆ పొర మీదే. దాని మీద నిటారుగా పడ్డ వెలుగులో సుమారు నాలుగు శాతమే పైనుంచి వెనక్కి మళ్లుతుంది. మిగతాది లోపలికి పోతుంది. లోపల నలుపు ఉంటే మింగేస్తుంది. చీకటి లాంటి ఆ నలుపు మీద చిన్న గీత మెరిసినా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. లోపల తెలుపు ఉంటే వెలుగులో చాలా భాగాన్ని తిప్పి పంపిస్తుంది. ఆ వెల్లువలో గీత మెరుపు కొట్టుకుపోతుంది. కాబట్టి తెల్ల కారు మీద గీతలు లేవని కాదు. దొరకవంతే. సిల్వర్ రంగులో అయితే అల్యూమినియం పొడి రేకులు ఎలాగూ మెరుస్తుంటాయి కాబట్టి, గీతలు ఆ గుంపులో కలిసిపోతాయి.

అందుకే తెల్ల కారుకి వెలుగు పెంచుకుంటూ పోతే లాభం లేదు. కళ్లు జిగేలుమంటాయి, ఏమీ తెలియదు. అక్కడ వెలుగు తగ్గించాలి. కాస్త పసుపు వెలుగు పనికొస్తుందని చాలామంది పనివాళ్ల అనుభవం. పాత ఫిలమెంటు బల్బు రంగు లాంటిది. ఎల్ఈడీ బల్బు అట్టపెట్టె మీద 2700 కె, 3000 కె, 6500 కె అని రాసి ఉంటుంది, గమనించే ఉంటారు. అంకె తగ్గితే పసుపు, పెరిగితే నీలం కలిసిన తెలుపు. మధ్యాహ్నపు ఎండ 5500 దగ్గర ఉంటుంది. నల్ల కారుకి ఈ తెల్లటి వెలుగు హాయిగా సరిపోతుంది. తెల్ల కారుకి 3000 పెట్టి చూడండి.

సరే, ఇంట్లో ఎలా చూడాలి? ఖరీదైన సామాను అక్కర్లేదు. డెన్మార్కు కంపెనీ స్కాన్‌గ్రిప్ లాంటివాళ్లు పెయింటు పనికోసమే రంగు మార్చుకునే ల్యాంపులు చేస్తారు. వృత్తిగా చేసేవాళ్లకి అవి కావాలి. ఏడాదికి రెండుసార్లు సొంత కారు పాలిష్ చేసుకునే మనిషికి సెల్‌ఫోన్ టార్చి చాలు. ఇంకాస్త సుఖంగా ఉండాలంటే, రాత్రిపూట పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్లే రైతులు నుదుటికి కట్టుకునే లైటు కొనుక్కోండి. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. బ్యాటరీది కాబట్టి తడి నేల మీద కరెంటు వైరు లాక్కుంటూ తిరిగే ప్రమాదమూ లేదు. ఒకప్పుడు ఈ పనికి స్టాండు మీద పెట్టే 500 వాట్ల హాలోజన్ లైట్లు వాడేవారు. గీతల్ని బాగానే చూపించేవి. వాటి ముందు నిలబడితే మాత్రం పొయ్యి ముందు కూర్చున్నట్టే. పొరపాటున బంపర్‌కి దగ్గరగా పెడితే ప్లాస్టిక్ పాడయ్యేది. ఎల్ఈడీలు వచ్చి ఆ బాధ తప్పించాయి.

ముందు కారు శుభ్రంగా కడగాలి. దుమ్ము మీద టార్చి వేస్తే దుమ్మే కనబడుతుంది. పైగా చేత్తో తడిమితే కొత్త గీతలు పడతాయి. చీకటి పడ్డాక పోర్టికోలో లైట్లు ఆర్పేయండి. సెల్లార్ అయితే మీ కారు పైన ఉన్న రెండు మూడు ట్యూబులు ఆపమని వాచ్‌మన్‌ని అడగండి. ఇప్పుడు ఒకే దీపం, చిన్న దీపం. టార్చిని పెయింటుకి మూరెడు దూరంలో పట్టుకోండి. దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది, అందుకని చేతికి అందేంతలోనే ఉంచండి. టార్చి చుక్క కారు మీద ఎక్కడ మెరుస్తోందో చూడండి. ఆ చుక్కని చూడొద్దు, దాని చుట్టూ ఉన్న జాగాని చూడండి. తర్వాత టార్చి ఒక చోట ఉంచి మీ తల జరపండి. తల ఒక చోట ఉంచి టార్చి జరపండి. ఒకే దిక్కున పడ్డ గీతలు ఒక వైపు నుంచి చూస్తే అసలు కనబడవు. నాలుగడుగులు పక్కకి వేస్తే మొత్తం బయటపడతాయి. కాబట్టి కారు చుట్టూ తిరగడం బద్ధకించొద్దు.

ఆ చుక్క అంచుని కూడా ఒకసారి గమనించండి. అంచు ఖచ్చితంగా, పదునుగా ఉంటే పెయింటు నున్నగా ఉన్నట్టు. చుక్క చుట్టూ పాలు కలిపినట్టు మసక ఉంటే, గీతగా కనబడనంత సన్నటి గరుకు ఏర్పడిందన్నమాట. గట్టి రబ్బింగ్ పాలిష్ వాడి, ఆ పైన మెత్తటి పాలిష్ పెట్టకుండా వదిలేస్తే నల్ల కార్ల మీద ఈ మసక మిగులుతుంది.

ఇక్కడ చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. వానలో తడిసిన కారు కొత్తదానిలా కనబడుతుంది, చూశారా? నీరు గాడుల్లోకి దిగి గీత అంచుని కప్పేస్తుంది. వెలుగు వంగే తీరులో నీటికీ క్లియర్ కోట్‌కీ మధ్య తేడా, గాలికీ క్లియర్ కోట్‌కీ ఉన్నంత ఉండదు. గీత కనుమరుగవుతుంది. ఆరగానే తిరిగొస్తుంది. పాలిష్‌లో ఉండే నూనె కూడా ఇదే పని చేస్తుంది. రుద్దిన వెంటనే టార్చి వేసి చూస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. రెండు మూడు సార్లు షాంపూతో కడిగాక గీతలు మళ్లీ ప్రత్యక్షం. గీత పోలేదు, నూనె కింద దాక్కుంది. అందుకని పాలిష్ పెట్టిన చోట, నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ మీద చల్లుకుని ఒకసారి తుడవండి. నూనె పోతుంది. అప్పుడు టార్చి వేయండి. అప్పుడు కనబడేదే నిజం. మొత్తం బానెట్ మీద పడే ముందు, ఒక అడుగు చదరం టేపు కట్టుకుని, అంత మేరే పాలిష్ చేసి, తుడిచి, పక్కనున్న పెయింటుతో పోల్చి చూసుకుంటే ఏ పాలిష్ పనిచేస్తుందో అక్కడే తేలిపోతుంది.

ఇంతసేపూ ట్యూబ్‌లైటుని తిట్టుకున్నాం. దానికీ ఒక రోజుంది. సొట్టలు చూడాలంటే టార్చి పనికిరాదు. పొడవాటి దీపమే కావాలి. కారు డోరులో ట్యూబ్‌లైటు నీడ పడేలా నిలబడండి. తిన్నటి గీతలా కనబడుతుంది. అలాగే మెల్లగా నడవండి. ఆ గీత ఎక్కడ వంకర తిరిగితే అక్కడ సొట్ట ఉంది. వేలితో తడిమితే దొరకని సొట్ట కూడా ఈ వంకరలో దొరుకుతుంది. పెయింటు తీయకుండా లోపలినుంచి నెట్టి సొట్టలు తీసే పనివాళ్లు చారలున్న లైటు బోర్డు పక్కన పెట్టుకునేది ఇందుకే. కార్ల ఫ్యాక్టరీల్లో కూడా పెయింటు అయ్యాక వరస ట్యూబుల మధ్య నుంచి కారుని పంపి చూస్తారు.

సెకండ్‌హ్యాండ్ కారు చూసేటప్పుడు ఈ రెండు దీపాలూ మీ చేతిలో ఉన్న ఆయుధాలు. ఫ్యాక్టరీ పెయింటులో ట్యూబ్‌లైటు నీడ అంచు అన్ని డోర్ల మీదా ఒకేలా ఉంటుంది. ఒక్క డోరు మీద మాత్రం ఆ అంచు నారింజ తొక్కలా గతుకులుగా కనబడితే, ఆ డోరుకి బయట షెడ్డులో టింకరింగ్, పెయింటింగ్ జరిగి ఉండొచ్చు. అడగండి. జరగడం నేరం కాదు, చెప్పకపోవడమే తంటా. రంగు తేడా పట్టాలంటే మాత్రం పగటి వెలుగే మంచిది. షెడ్డులో ట్యూబుల కింద చక్కగా కలిసిపోయిన డోరూ ఫెండరూ, ఎండలోకి వచ్చేసరికి రెండు కార్లవి అన్నట్టు కనబడటం చాలామందికి అనుభవమే. వెలుగులోని రంగులు మారితే పెయింటు రంగూ మారినట్టే తోస్తుంది. బల్బు డబ్బా మీద సీఆర్ఐ అని, ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే ఒక అంకె ఉంటుంది. సూర్యుడిది 100. మామూలు ఎల్ఈడీలది 80 ప్రాంతం. రంగు కలపడానికి వాడే దీపానికి 90 దాటాలి, 95 అయితే ఇంకా మంచిది. గీతలు చూడటానికి ఈ అంకెతో పని లేదు.

ఇక ఒక హెచ్చరిక. టార్చి చేతికొచ్చాక మనిషికి చాదస్తం పట్టుకుంటుంది. మూరెడు దూరంలో టార్చి వేస్తే కొత్త కారు మీద కూడా గీతలు దొరుకుతాయి. వాటన్నిటినీ రుద్దాలనిపిస్తుంది. రుద్దొద్దు. మొత్తం పెయింటు మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ కోట్ 35 నుంచి 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం సుమారు 70. వెంట్రుక మందం కూడా లేని పొర మీద మనం పని చేస్తున్నాం. మిషనుతో గట్టిగా పాలిష్ పెట్టిన ప్రతిసారీ ఒకటి రెండు మైక్రాన్లు అరుగుతాయి. ఎండ నుంచి రంగుని కాపాడే రసాయనం ఉండేదీ ఆ పొరలోనే. అది పలచబడితే కొన్నేళ్లకి పెయింటు వెలిసి, పొట్టు లేస్తుంది. కాబట్టి టార్చి కింద మాత్రమే కనబడి ఎండలో కనబడని గీతని దాని మానాన వదిలేయండి. ఎండలో కూడా కనబడితే పాలిష్ ఆలోచించండి. గీత మీద గోరు అడ్డంగా నడిపిస్తే తగులుకుందా? అది పాలిష్‌తో పోయే లోతు కాదు. టచప్ పెయింటో, పెయింటరో కావాలి.

చివరగా, బయట పాలిష్ చేయించుకునేవాళ్లకి ఒక మాట. మిషను సరిగా తిప్పకపోతే పెయింటు మీద పొడవాటి నీడల్లాంటి చారలు మిగులుతాయి. వాటిని హోలోగ్రాములంటారు. షోరూము లాంటి లైట్ల కింద అవి కనబడవు. టార్చి దగ్గరగా వేసినా ఒక్కోసారి దొరకవు. ఎండలో నాలుగడుగుల దూరం నుంచి చూడాలి, చూస్తూ పక్కకి నడవాలి. మీరు నడుస్తుంటే అవీ నడుస్తాయి. కాబట్టి కారు రెడీ అయిందని సాయంత్రం ఏడింటికి ఫోన్ వస్తే, రేపు పొద్దున ఎనిమిదింటికి వస్తామని చెప్పండి. వెళ్లాక కారుని షెడ్డులోంచి బయటికి తీయమనండి. ఎండలో చుట్టూ ఒకసారి తిరిగి చూశాకే డబ్బులు ఇవ్వండి. మొహమాటపడొద్దు. పని చక్కగా చేసినవాడు తనే కారుని ఎండలో పెట్టి చూపిస్తాడు.